చచ్చిన మొక్కల బల్ల

అమ్మా,

నీ కొడుకు హేమంత్ దండాలు. ఇక్కడ నేను, మామ, అత్త ముగ్గురం బాగానే ఉన్నాం. ఆ మాట ముందే రాసేస్తున్నాను. లేకపోతే ఇంత పొడుగు మెసేజ్ చూసి ఏమైందో అని సగంలోనే ఫోన్ చేస్తావు. చెయ్యొద్దు. చివరిదాకా చదివి అప్పుడు చెయ్యి. అక్కడ కువైట్‌లో రంజాన్ నెల, వంటింట్లో నీకు ఊపిరి ఆడదని తెలుసు. ఒకేసారి చదవక్కర్లేదు. పని మధ్యలో కొంచెం, పడుకునే ముందు కొంచెం చదువుకో.

వాయిస్ పెట్టమన్నావు. పెడదామని ఎన్నోసార్లు మైక్ నొక్కాను. నోరు రాలేదు. నా సంగతి నీకు తెలుసు కదా, ఎదురుగా ఎవరూ లేకపోయినా సిగ్గే. టైపు చేస్తే నయం. ఇంట్లో అయితే మామ వెనక నుంచి తొంగి చూస్తాడు. అందుకే హఫీజ్‌పేట్ స్టేషన్లో బెంచీ మీద కూర్చున్నాను. ఆదివారం కదా, ఇక్కడ ఎవరి ఫోన్ వాళ్ళది. ఎనిమిదిలో బడి మానేసినవాడి రాత, తప్పులుంటే సర్దుకుని చదువు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. అన్నం బాగానే తింటున్నాను. అత్త కూరల్లో కారం తగ్గించేసింది, అడిగితే మీ మామ కడుపు కోసం అంటుంది. మామ మాత్రం ఊరగాయ దాచుకుని తింటున్నాడు, నేను చూశాను, అత్తకు చెప్పలేదు. నువ్వు ఎవరితోనో పంపిన దుప్పటి అందింది. ఎండలు మొదలయ్యాయి, దాంతో పనిలేదు, అయినా తల కింద పెట్టుకుంటున్నాను.

అత్త స్టేటస్‌లో పెట్టిన ఫోటో చూసి, భుజం మీద ఆ తువ్వాలు మడిచి ఎందుకు వేసుకున్నావు, దెబ్బ తగిలిందా అని అడిగావు. దెబ్బ కాదు. ఆ తువ్వాలు నాది కూడా కాదు. దాని సంగతి చివర్లో చెప్తాను, ముందే చెప్తే నీకు అర్థం కాదు.

ఇంకొకటి అడిగావు. మీ కొత్త మేనేజరమ్మ అంత మెత్తగా ఎందుకు మాట్లాడుతోందిరా, జాగ్రత్త అన్నావు. నువ్వు పనిచేసే ఇంట్లో మేడం మెత్తగా పిలిచిందంటే ఆ వెనకే ఏదో నింద ఉంటుందన్నావు. వాళ్ళు పొగ వేసుకునే ఖరీదైన ఊదు డబ్బా సంగతి రాశావు. డబ్బా కనిపించకపోయినప్పుడు ఎవరూ నీ పేరు ఎత్తలేదు. కానీ నీతో పనిచేసే ఆ శ్రీలంక ఆమె నీ వైపు చూసింది. ఆమె చూసిందని మేడం చూసింది, పిల్లలు కూడా చూశారు. అది దొరికేదాకా నీ ఫోన్ లాక్కుని పెట్టుకున్నారు. చివరికి డబ్బా వాళ్ళ కారులోనే దొరికింది. ఎవరూ ఒక్క మాట కూడా అనలేదు. అప్పుడు నేను నోరు తెరిచి నేను కాదు అని చెప్పి ఉండాల్సిందా అని నన్ను అడిగావు. దానికి కూడా జవాబు ఉంది. అది కూడా చివర్లోనే.

అసలు పెద్ద ప్రశ్న నాకు గుర్తుంది. అక్కడ ఉండటానికిచ్చే అకామా కాగితం ఇంకో రెండేళ్ళు పొడిగించుకోవాలా, వచ్చేయాలా, పండగలోపు వాళ్ళకు చెప్పాలన్నావు. నీ పని గట్టిదైతే నేను వచ్చేస్తానురా, నువ్వే చెప్పు అన్నావు. నేను "గట్టిదే అమ్మా" అని పెట్టాను. ఇది రాసేది దాని గురించే.

నేనేం పని చేస్తానో నీకు సరిగ్గా ఎప్పుడూ చెప్పలేదు. మొక్కల కంపెనీ అంటే నర్సరీలో అమ్ముతానని అనుకున్నావు. అమ్మము. కిరాయికి ఇస్తాము. మియాపూర్ అవతల మా నర్సరీ ఉంది. అక్కడి నుంచి పొద్దున్నే బండిలో కుండీలు ఎక్కించుకుని రాయదుర్గం ఆఫీసుల టవర్లకు వస్తాం. ఒక్కొక్కడికి ఒక ఫ్లోర్. ఆకులు తుడవాలి, నీళ్ళు పోయాలి, వాడిపోయినదాన్ని బండెక్కించి కొత్తది పెట్టాలి. వాడిపోయినవాటిని నర్సరీలో గ్రీన్ నెట్ కింద కొన్నాళ్ళు ఉంచితే మళ్ళీ లేస్తాయి. ఆ చోటును మేము దవాఖాన అంటాం. ఆ పేరు పెట్టింది సాయిలు. "ఏసీల కూసుంటె మన్షికే రోగమొస్తది, మొక్కకు రాదా?" అంటాడు.

సాయిలు మాకు నీళ్ళు అందించే మనిషి. మామ కంటే పెద్దవాడు, ఈ హఫీజ్‌పేట్ ఊళ్ళోనే పుట్టినవాడు. టవర్లో బాత్రూం పంపులు మమ్మల్ని ముట్టుకోనివ్వరు. కింద బేస్‌మెంట్ ట్యాంకు నుంచి క్యాన్లు నింపి సాయిలు పైకి పంపాలి. సర్వీస్ లిఫ్ట్‌లో క్యాంటీన్ సామాను ఎక్కుతుంటే మనకు చోటివ్వరు. అప్పుడు భుజం మీద తువ్వాలు మడిచి, దాని మీద క్యాన్ పెట్టుకుని మెట్లెక్కుతాడు. ఎక్కుతూ ప్రతి ఫ్లోర్‌లో ఒక్కొక్కడిని ఏదో ఒకటి అంటాడు. నన్నైతే, "ఏంది పోరగా, ఇయ్యాల గూడ నోరు ఇంటికాడనే పెట్టొచ్చినవా?" అంటాడు. నాకు ఏం చెప్పాలో తెలియక ఆకులు తుడుస్తూ ఉంటాను.

మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. నీ ఫ్లోర్‌లో మొక్క చస్తే దాని ధర నీ జీతంలో కటింగ్. అందుకని ఎవడి ఫ్లోర్‌లోనూ మొక్క చచ్చేది కాదు. అంటే చచ్చేది, కనిపించేది కాదు. చచ్చినదాన్ని జిరాక్స్ మిషన్ వెనక్కు నెట్టేవాళ్ళు. పక్కవాడు రాకముందే వాడి ఫ్లోర్‌లో పెట్టి వాడి మంచి కుండీ ఎత్తుకొచ్చేవాళ్ళు. అన్నిటికంటే పెద్ద విద్య ఏంటంటే, వేరే కుండీల నుంచి పచ్చటి కొమ్మలు విరిచి చచ్చిన కుండీలో గుచ్చడం. కొన్ని రోజులు పచ్చగానే ఉంటాయి. ఎవరికీ అనుమానం రాదు. నేను చేరిన మొదటివారమే నాకు నేర్పింది మొక్కలు పెంచడం కాదమ్మా, కొమ్మలు గుచ్చడం.

అందుకే ఏ మొక్క ఎక్కడ చస్తోందో, ఎందుకు చస్తోందో మా ఓనరుకు తెలీదు. టవర్లవాళ్ళు మాత్రం మీ మొక్కలు బాగోలేవని ఒక్కొక్కరే మానేస్తున్నారు. అప్పుడు ఓనరు శిరీష మేడంను మేనేజర్‌గా తెచ్చాడు. ఆమెది విజయవాడ వైపు. నన్ను కూడా అండి అంటుంది. హేమంత్ గారూ అని పిలిచిన మొదటి మనిషి ఆమే. పిలిచిన వెంటనే జేబులో ఫోన్ ఉందో లేదో చూసుకున్నాను.

వచ్చిన కొత్తలో నర్సరీ షెడ్డులో అందరినీ నిలబెట్టి ఒక పాత బల్ల ముందుకు లాగించింది.

"ఇక నుంచి కటింగ్ ఉండదండి. మొక్క చచ్చిపోతే దాచొద్దు. శనివారం తెచ్చి ఈ బల్ల మీద పెట్టండి. ఏం చేశారో, ఎలా చచ్చిందో చెప్పండి, అంతే. ఇంకోటి, మీ ఫ్లోర్‌లో ఒక్కో వరుస మీ సొంతం. దాంట్లో మీకు తోచింది చేసి చూడండి. పనిచేస్తే అందరికీ చెప్పండి. చెయ్యకపోయినా అందరికీ చెప్పండి" అంది.

ఎవరూ మాట్లాడలేదు. బండెక్కాక మాత్రం అందరూ మాట్లాడారు. ఎవడు ఎక్కువ చంపుతున్నాడో మన చేతనే చెప్పించుకుని వాడిని పంపేస్తుంది అని ఒకడన్నాడు. కటింగ్ ఇప్పుడు కాదు, సంవత్సరం చివర్లో ఒకేసారి అని ఇంకొకడు. సాయిలు క్యాన్ల మీద కూర్చుని, "గా బల్ల సూసిండ్రా? పోస్టుమార్టం బల్లలెక్క ఉన్నది. ఫస్టు మొక్కను పండవెడ్తరు, తర్వాత మనల్ని" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కానీ నాకు అది నిజమే అనిపించింది.

ఇంటికొచ్చి మామకు చెప్తే గిన్నె పక్కన పెట్టి మరీ తిట్టాడు. మామ ఇదివరకు ఒక టవర్లో సెక్యూరిటీ చేసేవాడు కదా, అక్కడ ఎందుకు మానేశాడో నీకు కూడా చెప్పి ఉండడు. అక్కడా ఒక కొత్త మేనేజర్ వచ్చి, అందరికీ సమోసాలు పెట్టి, పని ఎట్లా బాగుపడాలో మీరే ఐడియాలు ఇవ్వండి అన్నాడంట. మామ లేచి, వెనక గేటుకు పొద్దున పూట బండ్లు రావు, ఆ టైములో అది మూసేసి ఆ మనిషిని ముందు గేటుకు పంపితే లైన్ తగ్గుతుంది అన్నాడు. చప్పట్లు కొట్టారు. మామతో ఫోటో దిగారు. వచ్చే నెల నుంచి వెనక గేటు మొత్తానికే మూసేశారు.

"ఆ గేటు కాడ ఉండే మనిషి ఎవరనుకుంటాండావు? నేనే రా" అన్నాడు మామ. "ఐడియా ఇయ్యమని అడిగినాడంటే నీ కుర్చీ మీద వాని కన్ను పడిందని లెక్క. నువ్వు నోరు మూసుకోని ఉండు. అది నీకు ఎట్లా అలవాటే కదా."

మొదటి శనివారం బల్ల ఖాళీ. మేడం కాసేపు చూసి, కారులో నుంచి తనే ఒక కుండీ తెచ్చి పెట్టింది. ఆకులన్నీ నల్లబడి వాలిపోయి ఉన్నాయి. "ఇది మా ఇంట్లోది. రోజూ నీళ్ళు పోసి పోసి నేనే చంపుకున్నాను" అంది. సాయిలు నా చెవి దగ్గర, "అంతా నాటకం. మన్ను సూడు, కొత్తది. యాడనో చచ్చినదాన్ని కొనుక్కొచ్చింది" అన్నాడు. చచ్చిన మొక్కను ఎవరమ్మా అమ్ముతారు? అయినా నేను వంగి మట్టి చూశాను. అంత అనుమానం మాకు.

తర్వాత తర్వాత ఒకరిద్దరు చిన్న చిన్నవి పెట్టడం మొదలుపెట్టారు. ఖరీదైనవి ఎవరూ పెట్టలేదు. నేనైతే ఏదీ పెట్టలేదు.

కానీ సొంత వరుస అని ఇచ్చింది కదా, అది మాత్రం నా మనసులో పడింది. నా జీవితంలో నీకు తోచింది చెయ్యి అని ఎవరూ అనలేదు. నా ఫ్లోర్‌లో ఒక మూల ఏసీ గది ఉంటుంది. ఆ మిషన్ కింద పైపు నుంచి నీళ్ళు కారుతూనే ఉంటాయి, తేటగా, చల్లగా. కింద సాయిలు క్యాన్ కోసం లిఫ్ట్ దగ్గర పడిగాపులు పడటం ఎందుకు, ఇక్కడే ఉన్నాయి కదా అనుకున్నాను. ఒక బకెట్ పెట్టాను. నా వరుసకు ఆ నీళ్ళే పోశాను. మొక్కలు బాగున్నాయి. చెప్పాలంటే ముందుకంటే బాగున్నాయి, ఎందుకంటే నీళ్ళ కోసం చూడకుండా వాటికి కావాల్సినప్పుడే పోస్తున్నాను.

ఎవరికీ చెప్పలేదు. మామ గేటు గుర్తొచ్చింది. ఐడియా చెప్తే మేడం ఏం చేస్తుందో తెలీదు. చెప్పకుండానే నా వరుస నుంచి మొత్తం ఫ్లోర్‌కు ఆ నీళ్ళే పోయడం మొదలుపెట్టాను.

సాయిలుకు తెలిసిపోయింది. తెలియకుండా ఉంటుందా, నా క్యాన్లు నిండినవి నిండినట్టే కిందికి పోతున్నాయి. ఒకరోజు పైకొచ్చి ఏసీ గది తలుపు తీసి బకెట్ చూశాడు.

"ఓహో, ఏసీ తీర్థమా? మంచిగుంది పోరగా. అన్ని ఫ్లోర్లల్ల గిట్లనే బకెట్లు పెడితె ఇగ సాయిలు ఎందుకు?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కానీ కళ్ళు నవ్వలేదు అనిపించింది నాకు.

ఆ తర్వాత సోమవారం నేను వెళ్ళేసరికి నా ఫ్లోర్ ఆకులన్నీ అంచుల్లో కాలినట్టు ఎర్రబడి ఉన్నాయి. రెండురోజుల్లో మొత్తం వాలిపోయాయి. లాబీలో పెద్దవి కూడా. బకెట్ వాసన చూస్తే ఘాటుగా ఉంది. నాకు ఒకే మనిషి గుర్తొచ్చాడు. ఆ గది సంగతి ఇంకెవరికి తెలుసు? నష్టం ఎవరికి? ఇంకేం ఆలోచించలేదు. బల్ల దగ్గరకు తీసుకెళ్ళాల్సింది పోయి, నాకు వచ్చిన విద్యే చేశాను. అన్ని కుండీల్లో పచ్చకొమ్మలు గుచ్చాను.

టవర్ అడ్మిన్ ఆమె ఒక కొమ్మ పట్టుకుంటే అది చేతిలోకి వచ్చేసిందంట. ఓనరుకు ఫోన్ చేసింది. శనివారం ఓనరు స్వయంగా షెడ్డుకు వచ్చాడు. నా కుండీలు బల్ల మీద ఉన్నాయి, నేను పెట్టినవి కాదు, వాళ్ళు తెప్పించినవి. మేడం ముఖం పాలిపోయి ఉంది. ఆ రోజు ఆమె ఏం చేశారు, ఎలా చచ్చింది అని అడగలేదు.

"ఎవరు చేశారు?" అని అడిగింది.

"ఎవరో బకెట్‌లో ఏదో పోశారు" అన్నాను. ఎవరి పేరూ చెప్పలేదు. ఓనరు సాయిలును పిలిచి, మళ్ళీ చెప్పేదాకా పనికి రావొద్దన్నాడు. సాయిలు భుజం మీది తువ్వాలు తీసి దులిపి, మళ్ళీ వేసుకుని గేటు దాటి వెళ్ళిపోయాడు.

ఆ వారం మా క్యాన్లు మేమే మోసుకున్నాం. వారం మధ్యలో ఏసీ గది తలుపు తీసి ఉంటే తొంగి చూశాను. ఇద్దరు మనుషులు మిషన్ విప్పి తెల్ల డబ్బాలో నుంచి ఏదో మందు చల్లి కడుగుతున్నారు. అదే వాసన. తలుపు దగ్గరే నిలబడ్డాను. వాళ్ళే, "ఏం కావాలె తమ్మీ?" అన్నారు. ఇది ఎప్పుడు కడుగుతారు అని అడిగాను. మొన్నటి శుక్రవారం కాక అంతకుముందు శుక్రవారం సగం కడిగి వదిలేశారంట, మిగతాది ఇప్పుడు. ఆ మందు తుప్పు కూడా తినేస్తుందంట. "గీ నీళ్ళు బకెట్ల ఎవడో పడుతుండు. జర జెప్పు, చేతులు కాల్తయి" అన్నారు.

ఎవరూ ఏమీ పొయ్యలేదమ్మా. నేనే పోశాను. ఆ శుక్రవారం సాయంత్రం ఇంటికెళ్ళే ముందు, నా చేత్తో, ఒక్కొక్క కుండీకి.

అదేరోజు సాయంత్రం నీ ఊదు డబ్బా మెసేజ్ వచ్చింది. రాయదుర్గంలో బండి కోసం నిలబడి చదివాను. చదివి మళ్ళీ చదివాను.

నేను సాయిలు పేరు చెప్పలేదని పైన రాశాను. నిజమే, చెప్పలేదు. కానీ చూశానమ్మా. ఎవరో పోశారు అని తల తిప్పి సాయిలు వైపు చూశాను. నేను చూశానని ఓనరు చూశాడు, మేడం చూసింది, షెడ్డులో అందరూ చూశారు. నోరు లేనివాడిని కదా, కళ్ళతో చెప్పాను. నీకు ఆ శ్రీలంక ఆమె చేసిందే నేను సాయిలుకు చేశాను. మొదటిసారి చదువుతున్నంతసేపూ ఆమెను మనసులో తిట్టుకున్నాను, పేరు తెలియదు కాబట్టి ముఖం ఊహించుకుని తిట్టుకున్నాను. ఇప్పుడు ఆ ముఖం నాదే.

మామకు చెప్పాను. విని తలుపు దగ్గరకు వేశాడు. తర్వాత, "సాయిలుకు ఈడ సొంత ఇల్లుండాది, కొడుకులుండారు, ఎట్లో బతుకుతాడు. నువ్వు ఇప్పుడు నోరు తెరిస్తే నీ పని పోతాది. నీ పని పోతే మా అక్క ఇంకా రెండేండ్లు ఆడనే పడి ఉంటాది. అది చూసుకో" అన్నాడు. మామ చెడ్డవాడు కాదమ్మా. నీకోసమే అన్నాడు. నాకు కూడా అదే భయం. నువ్వు రావాలని ఎంత ఉందో రాస్తే ఈ మెసేజ్ ఇక్కడే ఆగిపోతుంది.

శనివారం నేను మొక్క తీసుకెళ్ళలేదు. బకెట్ తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాను. అందరూ నవ్వారు. నేను మాట్లాడాలి. మేడం ఎదురుచూసింది. చివరికి "సాయిలు కాదు" అన్నాను. ముందు ఆ ఒక్క మాటే వచ్చింది. మిగతాది ఆ తర్వాత వచ్చింది. ఏసీ నీళ్ళు, వరుస, కడిగేవాళ్ళు, గుచ్చిన కొమ్మలు, అన్నీ.

ఇప్పుడు నన్ను పొమ్మంటుంది అనుకున్నాను. ఆమె బకెట్ వైపు చూస్తూ, "పోయిన శనివారం నేను కూడా తప్పు చేశానండి. ఏం జరిగింది అని అడుగుతానని మీ అందరికీ మాటిచ్చి, ఓనర్ గారు పక్కన ఉన్నారని భయపడి ఎవరు అని అడిగాను. నేను ఎవరు అని అడిగాను కాబట్టే అతను ఎవరినో చూపించాల్సి వచ్చింది" అంది. షెడ్డులో ఎవరికీ ఏం చేయాలో తెలియలేదు. మేనేజర్ అట్లా మాట్లాడితే ఏం చేయాలో మాకు ఎవరూ నేర్పలేదు కదా.

"ఏసీ నీళ్ళు మంచివేనా మరి?" అని ఆమే మళ్ళీ అడిగింది. మామూలప్పుడు మంచివే, కడిగిన తర్వాత కొన్నిరోజులు పారబోయాలి, అది ముందే మనకు చెప్పమని వాళ్ళను అడగాలి అన్నాను. అది వినగానే అందరి మనసులో వచ్చిందే నాకూ వచ్చింది. నాకు మామ గేటు కనిపించింది. ఎట్లా వచ్చిందో తెలీదు, నోట్లో నుంచి వచ్చేసింది.

"ఆ నీళ్ళు వాడితే సాయిలును తీసేస్తారా?"

ఆమె వెంటనే లేదు అనలేదు. లేదు అని ఉంటే నేను నమ్మేవాడిని కాదు. "నాకు తెలీదండి. ఓనర్ గారిని అడగాలి. అడిగి వచ్చి సాయిలు గారికే చెప్తాను, మీరూ నాతో రండి" అంది.

సోమవారం సాయంత్రం స్కూటీ వెనక నన్ను ఎక్కించుకుని హఫీజ్‌పేట్ వచ్చింది. దారంతా ఇది ఎందుకు చేస్తోంది, ఫోటో తీసి ఎక్కడైనా పెట్టుకోడానికా అనుకుంటూనే ఉన్నాను. ఫోన్ తీస్తుందేమో అని ఆమె చేతుల వైపే చూశాను. తీయలేదు.

సాయిలు గుమ్మం ముందు కుర్చీ వేసుకుని శనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. మేడంకు కుర్చీ ఇచ్చాడు. నాకు ఇవ్వలేదు. నిలబడే అంతా చెప్పాను. విని, ఒక శనక్కాయ నోట్లో వేసుకున్నాడు.

"ఏంది పోరగా, గీ మాట తెచ్చెతందుకు గిన్ని దినాలు పట్టిందా? నీ నోరు మెట్లెక్కి వచ్చిందా, లిఫ్ట్ దొర్కలేదా?" అన్నాడు. నేను తల దించుకున్నాను. "నువ్వు నా పేరు చెప్పినా బాధ లేకుండె. గట్ల సూసినవ్ సూడు, దొంగను సూసినట్టు. నా పెండ్లం ముంగట గూడ తలెత్తలేక పోయిన" అన్నాడు. ఈసారి ఎగతాళి లేదు గొంతులో.

మేడం ఓనరుతో మాట్లాడింది చెప్పింది. ఏ నీళ్ళైనా సరే, ట్యాంకువో ఏసీవో, వాటి పెత్తనం సాయిలుదే. ఏసీవాళ్ళతో మాట్లాడేది, ఏ రోజు పోయాలో ఏ రోజు పోయకూడదో చెప్పేది అతనే. ఈ ఎండాకాలం అయ్యేదాకా ఓనరు ఒప్పుకున్నాడు.

"ఎండకాలమైనంక?" అన్నాడు సాయిలు.

"అప్పటి మాట ఇప్పుడు చెప్తే అబద్ధం చెప్పినట్టే అండి. ఏదైనా తేడా వస్తే మీకు ముందు నేనే చెప్తాను. మీ వెనక ఏదీ జరగనివ్వను" అంది.

సాయిలు ఒళ్ళో శనక్కాయ పొట్టు దులుపుకున్నాడు. "నమ్మకమైతే లేదమ్మ. కానీ వస్త. ఒక్క షరత్. గీ పోరడు నాతోని క్యాన్లు మొయ్యాలె. నీళ్ళు తప్పించి బకెట్ పెట్టిండు గద, జర బరువు సూడనీ" అన్నాడు. లోపలికెళ్ళి తన తువ్వాలు తెచ్చి నా మీద విసిరాడు. "మడిచి పెట్టుకో. లేకుంటె తోలు లేస్తది."

అమ్మా, నా భుజం మీద తువ్వాలు అదే.

నిన్న శనివారం బల్ల మీద చోటు లేదు. ఒకడు గుచ్చిన కొమ్మలతో సహా మూడు కుండీలు తెచ్చి పెట్టాడు, ఎప్పటి నుంచి అట్లా ఉన్నాయో అడగొద్దు అన్నాడు. సాయిలు కారిపోతున్న క్యాన్ ఒకటి తెచ్చి మధ్యలో పెట్టి, "గిది గూడ సచ్చింది, రాసుకోండ్రి" అన్నాడు. మేడం నవ్వింది. ఓనరు మాత్రం నవ్వలేదు. వెళ్ళేటప్పుడు నా వైపు చూశాడు. ఆ చూపు ఏంటో నాకు తెలీదు.

అందుకే రాస్తున్నాను. నా పని గట్టిదని పెట్టింది అబద్ధం. అది పెట్టిన రోజే నా మొక్కలు వాలిపోయి ఉన్నాయి. ఇప్పుడు కూడా గట్టిదని చెప్పలేను. మేడంను సగం నమ్ముతున్నాను, ఓనరును అసలు నమ్మను. కటింగ్ ఉందో లేదో జీతం రోజు గానీ తెలీదు, అది పండగ తర్వాత. నువ్వు పండగలోపే చెప్పాలి. తెలిసిందంతా నీకు చెప్పేశాను. నేను ముందు పెట్టిన మెసేజ్ చూసి కాకుండా, ఇది చూసి చెప్పు. నువ్వు ఏది చెప్పినా నేను క్యాన్లు మోస్తూనే ఉంటాను, ఇక్కడ కాకపోతే ఇంకోచోట.

నువ్వు అడిగినదానికి జవాబు ఇంకా రాయలేదు కదా. ఆ రోజు నోరు తెరిచి నేను కాదు అని చెప్పాల్సిందా అన్నావు. చెప్పక్కర్లేదమ్మా. ఆ మాట చెప్పాల్సింది నువ్వు కాదు. నిన్ను చూసినామె. ఆమెకు నోరు రాలేదేమో. ఎంత బరువో నాకు తెలుసు. ఆమెను ఇక తిట్టుకోవడం మానేశాను. నువ్వు కూడా మానెయ్యి.

రైలు వచ్చింది, నాది కాదు. ఇంటికి నడిచే వెళ్తాను.

ఇట్లు,
సాయిలు తువ్వాలు భుజాన వేసుకుని నీ జవాబు కోసం చూసే
నీ కొడుకు
హేమంత్